కారు మీది గీత చెప్పే చరిత్ర



మీ వీధిలోనో, మీ కాలేజీ ఆవరణలోనో నిలిపి ఉన్న ఏదైనా కారును దగ్గరగా చూడండి. తలుపు అంచునో, చక్రం పైభాగానో ఒక సన్నటి గీత తప్పకుండా కనిపిస్తుంది. యజమానిని అడిగి, ఆ గీతకు అడ్డంగా మీ వేలి గోరును నెమ్మదిగా జరపండి. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే ఆ గీత పైపొరలోనే ఉన్నట్టు. గోరు చిన్న పల్లంలో తట్టుకుంటే అది లోపలి పొరలదాకా దిగినట్టు. పల్లం అడుగున ఎర్రటి మచ్చ ఉంటే ఇనుప రేకుకు తుప్పు మొదలైనట్టు. రంగు వేసే పనివారు కారు తమ దగ్గరికి రాగానే చేసే మొదటి పరీక్ష ఇదే.

ఇంత చిన్న గీతకు చరిత్ర ఏమిటని మీకు అనిపించవచ్చు. కారును ఎవరు తయారు చేశారు, ఇంజనును ఎవరు మెరుగుపరిచారు అన్న విషయాలు మన పుస్తకాల్లో ఉన్నాయి. గీత పడిన కారును మళ్ళీ కొత్తదానిలా చేసినవారి గురించి మాత్రం పెద్దగా లేదు. అయితే రంగుల చరిత్రను మరమ్మతు చేసేవాడి వైపునుంచి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఫ్యాక్టరీలో రంగు మారిన ప్రతిసారీ వీధి చివరి షెడ్డులో పనిచేసే పెయింటరు తన విద్యను మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. కారుకు మెరుపు పెరిగిన ప్రతిసారీ అతని ఊపిరితిత్తుల మీద భారం కూడా మారుతూ వచ్చింది. ఈ పాఠంలో ఆ కథను వరుసగా తెలుసుకుందాం.

గుర్రపు బండి నాటి రంగు

1886లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు వాహనానికి పేటెంటు పొందాడు. ఆ తరవాత సుమారు ముప్పై ఏళ్ళపాటు కార్లకు వేసిన రంగు గుర్రపు బండ్లకు వేసిన రంగే. బండ్లు చేసే కార్ఖానాలే కార్ల పైభాగాలనూ తయారు చేసేవి కాబట్టి పనివారూ వారే, కుంచెలూ అవే.

ఆ రంగుకు ఆధారం అవిసె నూనె వంటి ఆరే గుణమున్న నూనెలు, చెట్ల నుంచి వచ్చే గుగ్గిలం వంటి జిగుర్లు. నూనె ఆరడం నీరు ఆరడం లాంటిది కాదు. నీరు ఆవిరైపోతుంది. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా గట్టి పొరగా మారుతుంది. ఇది నిదానంగా జరిగే పని. ఒక పూత వేయాలి, రోజుల తరబడి ఆరనివ్వాలి, రాతిపొడితో నీటిలో రుద్ది నునుపు చేయాలి, మళ్ళీ పూత వేయాలి. ఇలా పదికి పైగా పూతలు వేసి, చివర వార్నిష్ పూసి, కారు బయటికి వచ్చేసరికి వారాలు గడిచేవి. గదిలో దుమ్ము లేవకుండా నేలను తడిపి ఉంచేవారు.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూసి ఉంటారు. అది 1912 నాటిది. తరవాతి కాలంలో దానిని పునరుద్ధరించారు కాబట్టి ఇప్పుడు మనకు కనిపించే పూత ఆనాటిదని అనుకోకూడదు. కాని అటువంటి కార్లు తయారైన కాలం కుంచెలదీ, వార్నిష్‌దీ అన్న సంగతి గుర్తుంచుకోండి. అలాంటి కారుకు ఒక గీత పడితే దాన్ని బాగు చేయడమంటే మళ్ళీ రోజుల తరబడి పని. కారు ఉన్నవారు కొద్దిమంది, వారు ధనవంతులు. కాబట్టి కాలానికి విలువ కట్టే అవసరం అంతగా రాలేదు.

నలుపు రంగు రాజ్యమేలిన కాలం

ఆ అవసరం అమెరికాలో వచ్చింది. హెన్రీ ఫోర్డ్ 1908లో మోడల్ టి కారును విడుదల చేశాడు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను మొదలైంది. కారు అడుగుభాగాన్ని అమర్చడానికి అంతకుముందు 12 గంటలకు పైగా పట్టేది. ఆ పని గంటన్నరకు దిగింది. మరి గంటన్నరలో తయారయ్యే బండికి రంగు వేయడానికి వారాలు పడితే ఎలా? ఆరుతున్న కార్లను నిలబెట్టడానికే ఎకరాల కొద్దీ చోటు కావాలి.

1914 నుంచి 1925 వరకు మోడల్ టి నలుపు రంగులోనే వచ్చింది. నలుపు అన్నిటికంటే త్వరగా ఆరుతుంది కాబట్టి ఫోర్డ్ దాన్ని ఎంచుకున్నాడని చాలా పుస్తకాల్లో చదువుతాం. తరవాత పరిశీలించినవారు ఈ వివరణను పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ నల్లరంగులో తారువంటి ఖనిజ పదార్థం ఉండేది. అది చవక, గట్టిది, కొలిమి గదిలో వేడికి బాగా కాలి రేకును అంటుకునేది. చవక, మన్నిక అన్న ఈ రెండు కారణాలే ముఖ్యమని వారి వాదన. ఒక మాట ఎన్నో పుస్తకాల్లో ఉన్నంత మాత్రాన దానిని పరిశీలించకుండా వదిలేయకూడదని చరిత్ర విద్యార్థులకు ఇది చక్కటి పాఠం.

మరమ్మతు చేసేవాడికి ఆ రోజులు తేలికైనవి. అన్ని కార్లూ నలుపే అయినప్పుడు రంగు కలపడం అన్న సమస్యే లేదు. ఒకే డబ్బా ఊరంతటికీ సరిపోతుంది.

లక్క పేరు, తుపాకి మందు రసాయనం

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. యుద్ధకాలంలో పొగలేని తుపాకి మందు కోసం నైట్రోసెల్యులోజ్ అనే పదార్థాన్ని పెద్ద ఎత్తున తయారు చేశారు. పత్తిలాంటి సెల్యులోజ్‌ను ఆమ్లాలతో చర్య జరిపితే వచ్చే పదార్థమిది. యుద్ధం ఆగాక దీన్ని ఏం చేయాలన్నది రసాయన కంపెనీల ముందున్న ప్రశ్న.

దీన్ని ద్రావణిలో కరిగించి పూతగా వాడవచ్చని అప్పటికే తెలుసు. కాని ఆ ద్రావణం మరీ చిక్కగా ఉండేది. పలుచన చేస్తే రంగు పొడిని పట్టుకునే సత్తువ ఉండేది కాదు. 1920లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ రసాయనవేత్తలు సినిమా ఫిల్ము మీద పనిచేస్తూ, పలుచగా ఉంటూనే ఎక్కువ పదార్థాన్ని ఇముడ్చుకునే నైట్రోసెల్యులోజ్ ద్రావణాన్ని గమనించారు. దాని నుంచి పుట్టిన కారు రంగు ‘డ్యూకో’ పేరుతో 1923లో బజారుకు వచ్చింది. జనరల్ మోటార్స్ సంస్థ తన ఓక్లాండ్ కారు 1924 మోడలును ఈ కొత్త పూతతో నీలిరంగులో విడుదల చేసింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులు సామాన్యుడి కారుకు కూడా దొరికాయి. ఫోర్డ్ సైతం 1926 మోడలుకు మళ్ళీ రంగులు తెచ్చాడు.

ఇటువంటి పూతను ఇంగ్లీషులో ‘లాకర్’ అంటారు. ఈ మాట మనకు దూరపు చుట్టం. సంస్కృతంలో లాక్షా, మన తెలుగులో లక్క. పాండవుల కథలోని లక్క ఇంటిని గుర్తు తెచ్చుకోండి. ఈ మాట పారసీకం, అరబ్బీ, పోర్చుగీసుల మీదుగా ఐరోపా చేరి లాకర్ అయింది. డ్యూకోలో లక్క పురుగు ఇచ్చే జిగురు లేదు, పేరు మాత్రమే మిగిలింది. అయినా ఒక గుణంలో రెండూ ఒకటే.

ఆ గుణమేమిటో అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో చూడవచ్చు. అక్కడి కళాకారులు తరిణె మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. మళ్ళీ వేడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. అంటే ఆ పొర గట్టిపడినప్పుడు దానిలో శాశ్వతమైన రసాయన మార్పు జరగదు. నైట్రోసెల్యులోజ్ పూత కూడా అంతే. అక్కడ వేడి చేసే పనిని ఇక్కడ ద్రావణి చేస్తుంది. థిన్నరు ఆవిరైతే పూత గట్టిపడుతుంది, మళ్ళీ థిన్నరు తగిలితే మెత్తబడుతుంది.

మరమ్మతుకు ఇంతకంటే అనువైన గుణం లేదు. గీత మీద కొత్త రంగు చల్లితే దానిలోని థిన్నరు పాత పూత అంచులను కొద్దిగా కరిగిస్తుంది. పాతా కొత్తా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆరిన తరవాత రుద్ది మెరుగు పెడితే అతుకు కనిపించదు. రంగు వేసే చిన్న షెడ్లు ఊరూరా వెలియడానికి ఈ రసాయన గుణం బాగా తోడ్పడింది. మన దేశంలో స్ప్రేతో వేసే ఇటువంటి రంగుకు ‘డ్యూకో పెయింటింగ్’ అన్న పేరు ఎంతగా స్థిరపడిందంటే, కర్ర బీరువాలకు వేసినా వడ్రంగులు ఆ మాటే వాడతారు. రంగుల దుకాణంలో ‘ఎన్.సి. థిన్నర్’, ‘ఎన్.సి. పుట్టీ’ అన్న డబ్బాలు చూస్తే, ఆ రెండక్షరాలు నైట్రోసెల్యులోజ్‌కు గుర్తులని తెలుసుకోండి.

మరమ్మతు షెడ్డు ఇచ్చిన పనిముట్లు

కొత్త రంగు వచ్చినంత మాత్రాన సరిపోదు. దాన్ని వేయడానికి పనిముట్లు కావాలి. త్వరగా ఆరే రంగును కుంచెతో వేస్తే చారలు పడతాయి. అందుకు స్ప్రే గన్ అక్కరకు వచ్చింది. దాని పుట్టుక విచిత్రమైనది. అమెరికాలోని టొలీడో నగరంలో అలెన్ డివిల్బిస్ అనే గొంతు వైద్యుడు రోగుల గొంతులోకి మందును తుంపరగా చల్లే సాధనాన్ని చేశాడు. ఆయన కుమారుడు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు చల్లే గన్‌ను రూపొందించాడు.

రెండో పనిముట్టు నీటిలో తడిపి వాడే గరుకు కాగితం. పాత కాగితాలు తడిస్తే జిగురు ఊడిపోయేవి కాబట్టి పొడిగానే రుద్దేవారు. అప్పటి రంగుల్లో సీసం ఎక్కువ. రుద్దినప్పుడు లేచే దుమ్ము పనివారి ఊపిరిలోకి పోయేది. ఫిలడెల్ఫియాలో సిరా తయారుచేసే ఫ్రాన్సిస్ ఓకీ నీటికి చెడని గరుకు కాగితాన్ని కనిపెట్టాడు. త్రీఎం కంపెనీ ఆ హక్కులు కొని 1921లో దాన్ని బజారులోకి తెచ్చింది. నీటితో రుద్దితే దుమ్ము లేవదు, కాగితం త్వరగా మూసుకుపోదు, పూత కూడా అద్దంలా నునుపు దేరుతుంది. మన పెయింటర్లు ‘వాటర్ పేపర్’ అనేది దీనినే.

మూడోది మాస్కింగ్ టేపు. 1920లలో రెండు రంగుల కార్లు ఫ్యాషనయ్యాయి. ఒక రంగు వేసేటప్పుడు రెండోదాని మీద పడకుండా కాగితాలు అంటించేవారు. వాటిని పీకితే కింది రంగు కూడా ఊడి వచ్చేది. త్రీఎంలో పనిచేసే రిచర్డ్ డ్రూ అనే యువకుడు తమ నీటి కాగితాన్ని పరీక్షించడానికి సెయింట్ పాల్ నగరంలోని ఒక షెడ్డుకు వెళ్ళి, అలా పని చెడిపోయిన పెయింటరు విసుక్కోవడం చూశాడు. గట్టిగా అంటుకుని, రంగుకు హాని చేయకుండా ఊడివచ్చే టేపు తయారు చేస్తానని మాట ఇచ్చాడు. 1925లో ఆ టేపు వచ్చింది. ఆ తరవాత 1930లో ఆయనే పారదర్శకమైన సెల్లోఫేన్ టేపును రూపొందించాడు. మీ నోటుపుస్తకం చిరిగితే అంటించే టేపుకు మూలం ఒక పెయింటరు పడిన కష్టం. ఆయన అవసరాన్ని శ్రద్ధగా గమనించినవాడు డ్రూ. అయినా ఆ పెయింటరు పేరు చరిత్రలో నిలవలేదు.

కరగని పూతలు

నైట్రోసెల్యులోజ్‌కు లోపాలూ ఉన్నాయి. ఎండకు పూత వెలిసి సుద్దలా పొడి రాలుతుంది. సులభంగా మండుతుంది. చేత్తో మెరుగు పెడితేగాని నిగనిగలాడదు. అందుకే కొత్త పూతల కోసం వెదుకులాట సాగింది. 1920ల చివర జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రాయ్ కీన్లే నూనెలనూ కృత్రిమ జిగుర్లనూ కలిపి ఆల్కిడ్ అనే కొత్త పదార్థాన్ని తయారు చేశాడు. దీని నుంచి వచ్చినవే ఎనామెల్ రంగులు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ పాలియురెథేన్ రసాయనాన్ని కనుగొన్నాడు. రంగునూ, గట్టిపరిచే ద్రవాన్నీ వేసేముందు కలిపి వాడే రెండు డబ్బాల పూతలు దాని ఫలితమే.

వీటికీ లక్కకూ ఉన్న తేడాను గమనించండి. ఇవి ఆరేటప్పుడు అణువులు ఒకదానికొకటి రసాయన బంధాలతో అల్లుకుని వలలా తయారవుతాయి. గుడ్డు ఉడికితే మళ్ళీ ద్రవం కానట్టే, ఈ పూత కూడా థిన్నరుకు కరగదు. వానకు, ఎండకు, పెట్రోలుకు తట్టుకుంటుంది. కారు యజమానికి ఇది వరమే. పెయింటరుకు మాత్రం కొత్త చిక్కు వచ్చింది. కొత్త రంగు పాత పూతలో కలిసిపోదు, దాని మీద పొరగా కూర్చుంటుంది. అంచు కనిపించకుండా చేయాలంటే గీత చుట్టూ ఉన్న పూతను మెట్టు లేకుండా వాలుగా అరగదీయాలి. పాత పూతకు గరుకుతనం కలిగిస్తేనే కొత్తది పట్టుకుంటుంది. కరిగించే విద్య స్థానంలో అరగదీసే విద్య వచ్చింది.

1960లలో ఫోర్డ్ కంపెనీలో జార్జ్ బ్రూయర్ బృందం కారు రేకును రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తు సహాయంతో పూతను అంటించే పద్ధతిని అభివృద్ధి చేసింది. చేయి చేరని మూలలకు కూడా రక్షణ పొర చేరింది. 1980ల నుంచి రంగు పొర మీద పారదర్శకమైన ‘క్లియర్ కోట్’ వేయడం ప్రపంచమంతటా మామూలైంది. ఈనాటి కారు మీద నాలుగు పొరలుంటాయి. తుప్పును ఆపే విద్యుత్ పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్. నాలుగూ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే రెండు తల వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత మందం. మనం చూసే రంగు పొర అందులో చాలా పలుచనిది.

మన దేశంలో

1942లో హిందుస్తాన్ మోటార్స్, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థలు ఏర్పడ్డాయి. 1957లో అంబాసిడర్ వచ్చింది. బొంబాయి నుంచి ఫియట్ కార్లు, తరవాత వాటి వారసురాలైన ప్రీమియర్ పద్మిని వచ్చాయి. లైసెన్సుల కాలంలో ఉత్పత్తి తక్కువ, గిరాకీ ఎక్కువ. కారు కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. అలా దొరికిన కారును పారేయడం ఎవరికీ ఊహకు రాదు. ఇరవై, ముప్పై ఏళ్ళు వాడేవారు, మధ్యమధ్య కొత్త రంగు వేయించేవారు.

ఈ పరిస్థితి ఒక పెద్ద వృత్తిని పోషించింది. సొట్టను సుత్తితో, దిమ్మతో లోపలినుంచి తట్టి సరిచేసే టింకరు, లప్పం పట్టించి, రుద్ది, రంగు చల్లే పెయింటరు ఒకే చెట్టుకింద పనిచేసేవారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊరి బైపాసు రోడ్డు పక్కనో ఈ షెడ్లను మీరు చూసే ఉంటారు. చదువు మానేసిన కుర్రవాడు అక్కడ మొదట వాటర్ పేపరు పట్టుకుని రుద్దడంతో పని మొదలుపెడతాడు. కొన్నేళ్ళు గడిచాకే గన్ అతని చేతికి వస్తుంది. కన్ను రంగును గుర్తుపట్టడం, చేయి పూత మందాన్ని తెలుసుకోవడం పుస్తకంలో లేని చదువు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1991 ఆర్థిక సంస్కరణల తరవాత విదేశీ సంస్థలు వరుసగా వచ్చాయి. వాటితోపాటు మెటాలిక్ రంగులూ, క్లియర్ కోటూ మన రోడ్ల మీద విస్తరించాయి. మెటాలిక్ రంగులో అల్యూమినియం రేణువులు పొలుసుల్లా ఉంటాయి. అవి పడుకున్న తీరును బట్టి వెలుగు మారుతుంది. అదే డబ్బాలోని రంగును గన్ కొంచెం దగ్గరగా పట్టి చల్లినా, గాలి ఒత్తిడి మారినా ఛాయ మారిపోతుంది. అందుకే వెండి రంగు కారుకు చిన్న మచ్చ కనిపించకుండా వేయడం పెయింటరుకు అన్నిటికంటే కష్టమైన పరీక్ష. కొత్త రంగును మచ్చ దగ్గర ఆపకుండా, చుట్టూ పలుచబరుస్తూ పోయి, తలుపు మొత్తానికి క్లియర్ కోట్ వేస్తేగాని కన్ను మోసపోదు. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఆ కారు మీద చేయి తిరిగిన పెయింటర్లు ఈ కొత్త విద్యను ఎవరూ పాఠం చెప్పకుండానే, చేసి చెడగొట్టి నేర్చుకున్నారు.

గీతను మాన్పే పద్ధతి

ఇంత చరిత్ర తెలిశాక, చిన్న గీతను బాగు చేసే పద్ధతి కంఠస్థం చేయనక్కరలేదు, తర్కంతోనే అర్థమవుతుంది.

మొదట ఆ చోటును నీటితో కడిగి ఆరనివ్వాలి. దుమ్ము ఉండగా రుద్దితే కొత్త గీతలు పడతాయి. గోరుకు తగలని గీత క్లియర్ కోట్‌లోనే ఉంటుంది. గీత అంచుల దగ్గర వెలుగు చెదరడం వల్లనే అది తెల్లగా కనిపిస్తుంది. మెత్తటి గుడ్డతో రబ్బింగ్ కాంపౌండ్ రాసి రుద్దితే చుట్టూ ఉన్న పొర గీత అడుగు వరకు కొద్దిగా అరిగి, వెలుగు మళ్ళీ సమంగా ప్రతిఫలిస్తుంది. పళ్ళపొడి ముద్దతో గీత పోయిందని కొందరు చెప్పడానికి కారణం కూడా ఇదే, దానిలోనూ మెత్తటి రాపిడి పొడి ఉంటుంది. ఇక్కడ గీత పూడలేదు, చుట్టుపక్కల పొర తగ్గిందని మరవకండి. పలుచటి ఆ పొరను మాటిమాటికీ అరగదీస్తే రక్షణే పోతుంది.

రంగు పొర తెగితే రుద్దినందువల్ల లాభం లేదు. కారు తయారీదారు ఇచ్చిన రంగు సంకేతం చూసి, అదే రంగును సన్నటి కుంచెతో పల్లంలో మాత్రమే, పలుచగా, ఒకటికి రెండుసార్లు వేయాలి. ప్రతి పూతనూ ఆరనివ్వాలి. పైన క్లియర్ వేసి, పూర్తిగా గట్టిపడ్డాక 2000 నంబరు వాటర్ పేపరుతో తేలికగా నీటిలో రుద్ది మెరుగు పెట్టాలి. నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తనిదని అర్థం.

రాయి తగిలి పెచ్చు లేచి రేకు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి పక్కనున్న మంచి పూతను కూడా కిందినుంచి లేపేస్తుంది. విశాఖపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి దీన్ని వేగిరపరుస్తుంది. తుప్పును పూర్తిగా గీకి, ప్రైమర్ వేసి, ఆ తరవాతే రంగుకు పోవాలి. తుప్పు మీద వేసిన రంగు గాయాన్ని శుభ్రం చేయకుండా కట్టిన కట్టు వంటిది.

పెయింటరు ఊపిరి

ఇక ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వచ్చాం. పూతలు మారినట్టే వాటి ప్రమాదాలూ మారాయి. పాత రంగుల్లో సీసం ఉండేది. పసుపు, నారింజ రంగుల కోసం లెడ్ క్రోమేట్ వాడేవారు. రుద్దిన దుమ్ము ద్వారా సీసం ఒంట్లో చేరి నరాలనూ రక్తాన్నీ దెబ్బతీస్తుంది. మన దేశంలో గృహ, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదని 2016లో నియమాలు చేశారు, అవి 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అయితే వాటి పేరే చెబుతున్నట్టు, ఆ నియమాలు గృహ, అలంకరణ రంగులకు చెందినవి.

ఈనాటి రెండు డబ్బాల పూతల్లో గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ ఇదే రసాయన కుటుంబానికి చెందినది. రెండూ ఒకటే పదార్థం కాదు, ఆ విషయంలో పొరపాటు పడకూడదు. కాని రంగుల్లోని ఐసోసయనేట్లు కూడా తుంపరగా ఊపిరిలోకి వెళితే ఉబ్బసం తెస్తాయి. ఒకసారి శరీరం వీటికి స్పందించడం అలవాటైతే, తరవాత అతి కొద్ది మోతాదు కూడా ఆయాసం తెప్పిస్తుంది. హాని చేసే మోతాదులో కూడా వాసన తెలియకపోవచ్చు. ముక్కుకు కట్టిన చేతి రుమాలు వీటిని ఆపలేదు. బయటి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు, గాలిని బయటికి లాగే గది అవసరం. పెద్ద సర్వీసు కేంద్రాల్లో అటువంటి గదులున్నాయి. రోడ్డు పక్క షెడ్డులో చాలాచోట్ల ఆ రుమాలే ఉంది.

దీనికి పరిష్కారం లేకపోలేదు. 2007 నుంచి యూరోపియన్ యూనియన్‌లో వాహనాల మరమ్మతు రంగుల్లో ఆవిరయ్యే ద్రావణుల మోతాదుకు చట్టం హద్దు పెట్టింది. దానితో నీటి ఆధారిత రంగులు అక్కడ వ్యాపించాయి. 1921లో తడి కాగితం దుమ్మును ఆపినట్టే, పనివాడి ప్రాణాన్ని లెక్కలోకి తీసుకుంటే రసాయన శాస్త్రం దారి చూపగలదని ఇది నిరూపిస్తుంది. కాని నీటి రంగులు ద్రావణుల ఆవిరిని తగ్గించినా, పైన వేసే క్లియర్ కోట్‌లో ఐసోసయనేట్లు ఉంటే ముసుగు అవసరం తీరదు.

విద్యార్థులారా! ఈ వారం వీలు చూసుకుని మీ ఊరిలోని ఒక పెయింటింగ్ షెడ్డుకు వెళ్ళండి. అక్కడి పెద్ద పనివాడిని, అన్నా అనో, బాబాయ్ అనో పలకరించి, ఆయన మొదట ఏ రంగుతో పని నేర్చుకున్నాడో, మెటాలిక్ వచ్చినప్పుడు ఎలా సర్దుకున్నాడో అడిగి రాసుకోండి. మీరు రాసుకున్నదే ఆ వృత్తికి మొదటి చరిత్ర కావచ్చు. రసాయన శాస్త్రం చదివేవారైతే డబ్బా మీది హెచ్చరికను ఆయనకు తెలుగులో చదివి వినిపించండి. గట్టిపరిచే ద్రవం కలిపేటప్పుడు ఎటువంటి ముసుగు కావాలో వివరించండి. ఆయనకు తెలిసిన విద్య మీకు వస్తుంది, మీరు చదివిన విద్య ఆయన ఊపిరికి అక్కరకొస్తుంది.